కుక్క ఎవరి వైపు చూస్తోంది?

పోయిన వారం తొమోయెను పరీక్షగది గుమ్మంలో, చేతిలో చల్లారిపోయిన టీతో వదిలేశాం. ఆమె అక్కడిదాకా ఎందుకొచ్చిందో రెండు ముక్కల్లో చెప్పుకుని లోపలికి పోదాం.

ఫుకువోకా నగరంలో నది పక్క మేడమీద ముప్పై మంది నాలుగేళ్ళుగా ఒక వీడియో గేమ్ తయారుచేస్తున్నారు. అందులో షినో అనే అమ్మాయి వీపున ఉప్పు మూటతో మంచుకొండలు దాటుతుంది. వెంట కోగె అనే కుక్క. గిన్నె అడుగున మాడిన అన్నం రంగు దానిది, పేరుకు అర్థమూ అదే. ఆడేవాళ్ళు షినోగా మారి ఇరవై గంటలు ఆ కుక్కతో నడుస్తారు, దాని ఒళ్ళు ఆనుకుని పడుకుంటారు, తోడేళ్ళొస్తే దాన్ని ముందుకు తోసి తాము బతుకుతారు. చివరికి ఒక తాళ్ళవంతెన వస్తుంది. అవతలి ఊళ్ళో కుక్కల్ని బతకనివ్వరు. అక్కడ బటన్ నొక్కిపట్టి మెడతాడు విప్పేసి, దాన్ని వెనక్కి పంపెయ్యాలి. అప్పుడుగాని ఆట ముందుకు సాగదు.

బయటినుంచి పిలిచిన పన్నెండు మందిని పరీక్షగదిలో కూర్చోబెట్టి ఆడించి చూశారు. పది మంది వంతెన దగ్గర కంట్రోలర్ కింద పెట్టేసి ఇళ్ళకు పోయారు. ఒకడు దాటాడుగాని, ఫోన్ మాట్లాడుతూ చూసుకోకుండా నొక్కానని, తెలిసి చేసిన పని కాదని కాగితం మీద క్షమాపణ రాసి మరీ వెళ్ళాడు. పన్నెండో మనిషి మురోజుమి సాన్, అంటే మురోజుమి గారు. అరవై ఏడేళ్ళ ఆవిడ, క్షౌరశాల మూసేసి రెండేళ్ళయింది. ఆవిడ కంట్రోలరూ కింద పెట్టలేదు, ఇంటికీ పోలేదు. మూడు రోజులు ఆడి ఈ పొద్దున పదింటికి వంతెన చేరినప్పటినుంచి అక్కడే బైఠాయించింది.

రేపు శుక్రవారం మధ్యాహ్నానికి గేమ్ అప్పగించాలి. కోగె నడకా పరుగూ చెవి విదిలింపూ అన్నీ చేసిన యానిమేటర్ తొమోయె. తప్పు ఎక్కడుందో తేల్చడానికి డైరెక్టర్ కుసానో ఆమెను పిలిపించాడు. అదీ సంగతి.

గదిలో ముగ్గురున్నారు. కుర్చీలో కాళ్ళు మడిచి కూర్చున్న మురోజుమి సాన్ సంచిలోంచి అన్నం ముద్ద తీసి, దానికి చుట్టిన కాగితం తీరుబడిగా విప్పుకుంటోంది. కుసానో ఆవిడ నెత్తిమీద నిలబడి ఉన్నాడు. మూలన ల్యాప్‌టాప్ ముందు ప్రోగ్రామర్ హిబినో ఉంది. యాభై దాటిన మనిషి, రోజుకు పది మాటలు మాట్లాడితే ఎక్కువ.

"మీ పని పన్నెండింటికే అయిపోయింది మురోజుమి సాన్," అంటున్నాడు కుసానో. "ఇక ఇంటికి వెళ్ళొచ్చు."

"అయిపోయిందని మీరెలా చెబుతారు? ఆట అవలేదుగా."

"బటన్ నొక్కితే అయిపోతుంది."

"అందుకేగా నొక్కంది."

"షినో నడిచిపోవడానికి సిద్ధంగా ఉందండీ. ఆ పిల్లకు లేని బాధ మీకెందుకు? కందకు లేని దురద కత్తిపీటకెందుకన్నట్టు!"

"కత్తిపీటనే నేను," అంది ముసలావిడ, అన్నం ముద్ద కొరికి. "నలభై ఏళ్ళు కత్తి పట్టాను. ఎంత పెద్దమనిషి పీక దగ్గరా నా చెయ్యి ఆగలేదు. ఈ కుక్క దగ్గర ఆగింది. ఎందుకాగిందో చెప్పి పంపండి, పోతాను."

కుసానోకి నవ్వు రాలేదు. ఇంకో రోజైతే వచ్చేదే. గుమ్మంలో తొమోయెను చూసి, "రా ఉరాబె. నీ కోసమే చూస్తున్నాం," అన్నాడు. పదిహేనేళ్ళుగా ఆమెను ఇంటిపేరుతోనే పిలుస్తాడు. కోపం వచ్చినా, మెచ్చుకున్నా అదే గొంతు. ఏది ఏదో తెలుసుకోవడానికి ఆమెకు ఐదేళ్ళు పట్టింది. ఈ రోజుది కోపం.

"కోగె చూపు దేనిమీద పెట్టావు?"

"షినో మీద," అంది తొమోయె. "మొదటినుంచీ షినో మీదే."

కుసానో హిబినో వైపు తలాడించాడు. హిబినో ఏదో నొక్కింది. పెద్ద స్క్రీన్ మీద వంతెన, మంచు. మనవైపు వీపు పెట్టి నిలబడిన షినో, ఆమెకు అవతల కూర్చుని మనకేసి మొహం తిప్పిన కోగె. కుక్క కంటి నుంచి ఒక ఎర్రటి గీత బయల్దేరింది. షినో మొహానికి తగలాలి అది. తగల్లేదు. ఆమె భుజం మీదుగా, చెవి పక్కనుంచి జారి, నేరుగా ఇవతలికి వచ్చేసింది. కుర్చీలో కూర్చున్న మురోజుమి సాన్ కళ్ళలోకి వచ్చినట్టే ఉంది.

"నేను చెప్పలా?" అంది ఆవిడ. "నన్నే చూస్తోంది. పొద్దుట్నుంచీ."

"ఈ ఒక్కచోటేనా?" అని అడిగింది తొమోయె.

"రెండు వందల పద్నాలుగు కదలికలున్నాయి," అంది హిబినో, ల్యాప్‌టాప్ మీంచి తల ఎత్తకుండా. "అన్నీ చూశాను. అన్నిట్లోనూ ఇంతే."

ఇలాంటి తప్పు నాలుగేళ్ళు ఎవరి కంటా పడకపోవడమేమిటని మీరడగొచ్చు. తేడా పన్నెండు డిగ్రీలు. కుక్క మన పిల్లనే చూస్తోందని అందరూ అనుకున్నారు, చూసేవాళ్ళందరికీ దాని మీద ప్రేమ పుట్టింది, ప్రేమ పుట్టిన చోట కొలబద్ద ఎవరూ తియ్యలేదు. తొమోయె కూడా తియ్యలేదు. గీసిన చెయ్యి తనది గనక ఆమెకు అసలు అనుమానమే రాలేదు.

"మాతృక వీడియోలు పెట్టు హిబినో," అన్నాడు కుసానో.

ఈ పనిలో ఉన్నవాళ్ళకొక అలవాటు. చేపను కదిలించాల్సినవాడు చేపల బజారుకు పోయి వీడియో తీసుకొస్తాడు. గుర్రాన్ని కదిలించాల్సినవాడు గుర్రాలున్న చోటికి పోతాడు. తొమోయె ఎక్కడికీ పోలేదు. కుక్క ఇంట్లోనే ఉంది. ముగి అని పేరు. రెండేళ్ళపాటు పొద్దునా సాయంత్రమూ ఫోన్ పట్టుకుని వాడి వెంట తిరిగింది. వాడు నీళ్ళు తాగడం, తుమ్మడం, మెట్టెక్కలేక తటపటాయించడం, అన్నీ తీసింది. వాటిని పక్కన పెట్టుకుని, ఎముక ఎముకా సరిచూసుకుంటూ కోగెను చేసింది.

స్క్రీన్ రెండు ముక్కలైంది. ఎడమవైపు కోగె, కుడివైపు ముగి. ఇద్దరూ ఒకేసారి చెవి విదిలించారు. ఒకేసారి తల తిప్పారు. ఇద్దరూ ఒకే చోటికి చూశారు.

తొమోయెకు అప్పుడు తెలిసింది. ముగి ఎప్పుడూ ఫోన్‌నే చూశాడు. ఫోన్ వెనక ఆమె ఉంది గనక. ఏ వీడియోలోనైనా, ఏ పని చేస్తున్నా, చివరికి వాడి కళ్ళు ఆమె దగ్గరికే వచ్చి ఆగాయి. ఆమె ఎముకలతోపాటు ఆ చూపునూ నిజాయితీగా ఎక్కించేసింది. కుక్కలు అలాగే చూస్తాయనుకుంది.

"వంతెన దగ్గరి వీడియో," అన్నాడు కుసానో.

"అది వద్దు కుసానో సాన్," అంది తొమోయె.

హిబినో చెయ్యి ఒక్క క్షణం ఆగింది. కుసానో పెట్టమన్నట్టు తలాడించాడు. వీడియో మొదలైంది.

కరాత్సు అనే ఊళ్ళో ఒక ఎండుచేపల కొట్టు, దాని పక్కన ఇనప గేటు. గేటుకు కట్టేసి ఉన్నాడు ముగి. రెండేళ్ళ కిందటి ఆగస్టు అది. విడాకులయ్యాక తొమోయెకు దొరికిన అద్దె ఇంట్లో కుక్కలు కూడదన్నారు. కొట్టు ఆమె మాజీ భర్త ర్యోహెయిది. ముగిని అక్కడ కట్టేసి వచ్చిన రోజది. ఎండకి నాలుక వేలాడేసుకుని వాడు లేచాడు, కూర్చున్నాడు, మళ్ళీ లేచాడు. తాడు బిగుసుకుంటే అక్కడే ఆగి చూశాడు. వీడియోలోంచి తొమోయె గొంతు వినిపించింది. "ఉండు. ముగీ, ఉండు. అలాగే ఉండు."

వాడు ఉన్నాడు. కదలకుండా నలభై సెకన్లు ఆమెనే చూస్తూ ఉన్నాడు. వీడియో అయిపోయింది.

మురోజుమి సాన్ అన్నం ముద్ద సగంలో ఆపేసింది. "అమ్మాయ్," అంది, గొంతు తగ్గించి. "చెయ్యి చాచలేదేం? ఒక్కసారైనా వాడి తల నిమరొచ్చుగా."

"రెండు చేతులతో ఫోన్ పట్టుకున్నాను," అంది తొమోయె. "బొమ్మ వణకకూడదని."

తొమోయెకు ముందు సిగ్గేసింది. ఏడుపు తర్వాత వచ్చింది. ఆ ఏడుపును మింగేసింది గాని సిగ్గును మింగడం కుదర్లేదు. కుక్కను వదిలేసినవాళ్ళు లోకంలో చాలామందే ఉంటారు. వదిలేస్తూ, దాని మొహంలో బాధ ఎలా కనిపిస్తుందో పనికొస్తుందని తీసిపెట్టుకున్నది మాత్రం తనే. పైగా బాగా వచ్చిందని ఆ రోజు రైల్లో మురిసిపోయింది కూడా. ఆ తర్వాత ఒక్కసారీ కరాత్సు వెళ్ళలేదు, ఫోన్ చెయ్యలేదు. చేస్తే ఏమని చెయ్యాలి?

కుసానో దగ్గి గొంతు సవరించుకున్నాడు. చెడ్డవాడు కాదు. గొంతులో కోపం తగ్గింది, పట్టుదల తగ్గలేదు.

"చూడు ఉరాబె. నీ కష్టం నాకు అర్థమైంది. కానీ ఈ కథ షినోది, కోగెది. బంధం వాళ్ళిద్దరిదీ. ఆడేవాడు పక్కనుండి చూడాలి, ఏడవాలి, వంతెన దాటాలి. నువ్వు మధ్యలోంచి షినోని తీసి అవతల పారేశావు. కుక్క కుర్చీలో ఉన్నవాణ్ణి చూస్తోంది. 'నన్ను వదిలేస్తావా' అని వాణ్ణే అడుగుతోంది. ఎవడు నొక్కుతాడు చెప్పు?"

"మంచివాడెవడూ నొక్కడు," అంది మురోజుమి సాన్.

"మీరు కాసేపు ఆగండి! వంతెన అవతల ఏముందో తెలుసా మీకు? పదకొండు మంది రెండేళ్ళ కష్టం ఉంది. ఉప్పు బజారుంది, షినో తల్లి ఉంది, అసలు కథంతా అక్కడుంది. మీరంతా ఇటే కూర్చుంటే అదంతా ఎవరు చూస్తారు? ఆ పదకొండు మందికి నేనేం చెప్పాలి?"

ముసలావిడ మిగిలిన అన్నం ముద్దను కాగితంలో చుట్టేసింది.

"హిబినో, ఎంతసేపు పడుతుంది?"

"అన్నీ కలిపి షినో వైపు పన్నెండు డిగ్రీలు తిప్పాలి. సాయంత్రానికి అవుతుంది."

"తిప్పెయ్యి."

"వద్దు," అంది తొమోయె.

పదిహేనేళ్ళలో ఆమె కుసానోకి ఆ మాట చెప్పడం అదే మొదలు. ఆయన వెనక్కి తిరిగి చూశాడు. అంతవరకు వచ్చాక ఆమె ఆగలేదు.

"అది తప్పే. ఒప్పుకుంటాను. నా చేత్తో చేసిన తప్పు. కానీ ముగి నన్ను చూసిన చూపది. నా దగ్గర వాడిదంటూ మిగిలింది అదొక్కటే. దాన్ని పక్కకి తిప్పమంటే నా వల్ల కాదు కుసానో సాన్. ఇంకెవరి చేతనైనా చేయించినా నేను చూడలేను."

"చూడలేనంటావు. అసలు నువ్వెప్పుడైనా చూశావా?"

"అంటే?"

"ఈ వంతెన దగ్గర కూర్చుని, మురోజుమి సాన్‌లా కంట్రోలర్ పట్టుకుని ఆడావా ఎప్పుడైనా?"

ఆడలేదు. పనిచేసేవాళ్ళకు మాత్రమే కనిపించే మెనూ ఒకటుంటుంది. దాంట్లోంచి ఆటలో ఏ చోటికైనా దూకెయ్యొచ్చు. నాలుగేళ్ళలో తొమోయె వంతెనకు ముందుకి దూకింది, వంతెన తర్వాతకి దూకింది. కోగెను ముక్కలుముక్కలుగా వెయ్యిసార్లు చూసింది. షినో చెయ్యి తన చెయ్యై ఆ తాడు మాత్రం ఎప్పుడూ విప్పలేదు. ఆ సంగతి కుసానోకి ఎలా తెలిసిందో ఆమెకు తెలియదు గాని, ఆయనకు తెలుసు.

"కూర్చో," అన్నాడు ఆయన. "నువ్వు నొక్కు. చూపు అలాగే ఉంటుంది, ఒక్క డిగ్రీ కూడా తిప్పం. నువ్వు నొక్కగలిగితే లోకంలో ఎవరైనా నొక్కగలరు. అప్పుడు కళ్ళ జోలికి పోను, రేపు ఇలాగే అప్పగించేస్తాను. నొక్కలేకపోతే హిబినో తిప్పేస్తుంది. నువ్వు మాట్లాడకూడదు. సరేనా?"

మురోజుమి సాన్ లేచి కుర్చీ ఇచ్చింది. ఇస్తూ, కంట్రోలర్ ఆమె చేతిలో పెడుతూ, "నొక్కకు అమ్మాయ్," అంది మెల్లిగా. "ఆ చూపు పోతే పోనీ. నొక్కకు."

తొమోయె కూర్చుంది. కంట్రోలర్ వెచ్చగా ఉంది, పొద్దుటినుంచి ముసలావిడ చేతిలో ఉండి. స్క్రీన్ మీద మంచు పడుతోంది. కోగె కూర్చుని ఉంది. షినో భుజం మీదుగా ఆమెనే చూస్తోంది. తల కొంచెం పక్కకి వాల్చింది. ముగి అలాగే వాలుస్తాడు, ఎడమ చెవిలో ఎప్పుడూ దురద వాడికి.

బటన్ మీద బొటనవేలు పెట్టింది. పెట్టగానే మూలన ఒక తెల్లటి వలయం మొలిచింది. అది నిండటానికి మూడు సెకన్లు. మధ్యలో వేలు తీసేస్తే వలయం ఖాళీ అయిపోతుంది, కుక్క ఇక్కడే ఉంటుంది. పది మంది అలాగే తీశారు. కొందరు నాలుగైదుసార్లు తీశారట.

పావు వంతు నిండింది. కోగె చెవులు నిక్కబొడుచుకున్నాయి. సగం నిండింది. ఇప్పుడు తీసేస్తానని తొమోయె అనుకుంది. వేలు వణుకుతుందేమోనని చూసుకుంది. వణకలేదు. కళ్ళముందు తడిగా ఉంది, వేలు మాత్రం రాయిలా ఉంది. నొక్కితేనే ఆ చూపు ఉంటుంది. ముగి చూపు నిలబడాలంటే ముగిని మళ్ళీ ఒకసారి వదిలెయ్యాలి. ముక్కాలు నిండింది. వలయం మూసుకుంది.

తాడు మంచులో పడింది. కోగె లేవలేదు. రెండు సెకన్లు అలాగే కూర్చుని చూసింది. తర్వాత లేచి ఒళ్ళు విదిలించుకుని, వచ్చిన దారిన కొండ పైకి నడిచిపోయింది. షినో వంతెన మీద అడుగు పెట్టింది. ఆట ముందుకు సాగింది.

కుసానో గట్టిగా ఊపిరి వదిలాడు. "సరే," అన్నాడు. "మాటంటే మాటే. కళ్ళు అలాగే ఉంటాయి." ఆగి, ఇబ్బందిగా, "బాగా చేశావు ఉరాబె," అని కలిపాడు. ఈసారి ఆ గొంతులో ఉన్నది ఏమిటో ఆమెకు అంతుపట్టలేదు.

మురోజుమి సాన్ సంచి సర్దుకుంటోంది. తొమోయె వైపు చూడలేదు. గుమ్మం దాకా వెళ్ళి, అక్కడ బూట్లలో కాలు దూర్చుకుంటూ అంది. "రెండోసారి కదా. చెయ్యి తిరిగిపోయింది."

ఆవిడ తిట్టాలని అనలేదు. ఆ మాట విన్నాక తొమోయెకు ఒకటే అర్థమైంది. కరాత్సులో ఆ రోజు కూడా ఫోన్ వణకలేదు.

నడవాలోకి వచ్చింది. కిటికీ దగ్గర నిలబడి ఫోన్ తీసింది. ర్యోహెయి నంబర్ ఇంకా పేర్లలో పైనే ఉంది. రెండేళ్ళుగా ఏమని చెయ్యాలో తెలియక చెయ్యలేదు. ఇప్పుడు తెలిసింది. వస్తానని చెప్పాలి. గేమ్ అప్పగించేదాకా ఆగకుండా, ఇప్పుడే మూడింటి రైలుకి వస్తానని. వచ్చి వాడి పక్కన ఖాళీ చేతులతో కూర్చుంటానని. అంతే.

అవతల నాలుగోసారి మోగాక ఎత్తాడు. వెనకాల కొట్టులో ఎవరో బేరం ఆడుతున్నారు.

"తొమోయెనా?"

"నేనే. ముగిని చూడ్డానికొస్తున్నాను. ఇప్పుడే. నువ్వు లేకపోయినా పర్లేదు, గేటు దగ్గర కాసేపు కూర్చుని వెళ్ళిపోతాను."

అవతలి గొంతులో చిరాకు వినిపించింది. "ఏంటీ వేళాకోళం?"

"వేళాకోళం కాదు ర్యోహెయి. ఒక్కసారి చూస్తాను, అంతే."

"చూడ్డానికి ఇక్కడికెందుకు? వాడు నీ దగ్గరేగా ఉన్నాడు."

తొమోయె కిటికీ చట్రం పట్టుకుంది.

"నా దగ్గర లేడు."

"లేకపోవడమేమిటి? నువ్వు వదిలేసిన నెలకే మనిషిని పంపావు కదా! ఉరాబె సాన్ పంపింది, తనకు మొహం చెల్లక నన్ను రమ్మంది అని చెప్పింది ఆవిడ. ముగి ఆమెను చూడగానే తోకూపుకుంటూ పోయాడు. తాడు నేనే చేతికిచ్చాను. అప్పట్నుంచీ ఒక్క ఫోనైనా చెయ్యలేదని నిన్ను ఎంత తిట్టుకున్నానో!"

"నేనెవర్నీ పంపలేదు. ఎవరావిడ?"

"మీ ఆఫీసు మనిషే."

"మా ఆఫీసు నుంచా? పేరేమిటి?"

"రెండేళ్ళనాటి పేరు నాకేం గుర్తుంటుంది? కార్డు ఇచ్చి వెళ్ళింది. ఎక్కడో ఉండాలి. ఉండు, వెతుకుతాను." సొరుగు లాగిన చప్పుడు. కాగితాలు కదిలిన చప్పుడు.

"వెతుకు. ఆ కార్డు మీద పేరేముందో చెప్పు," అంది తొమోయె.

వెనకాల పరీక్షగది తలుపు తెరుచుకుంది. తొమోయె వెనక్కి తిరిగింది. హిబినో నిలబడి ఉంది. ల్యాప్‌టాప్ రెండు చేతులతో గుండెకు అదుముకుని పట్టుకుంది. మొహం పాలిపోయింది.

"వెతకొద్దని చెప్పండి ఉరాబె సాన్," అంది. "ఆ కార్డు నాది."